ఒక పక్కే అరిగిన టైరు

ఆ రోజు పొద్దున బండి మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. బండి కడగాలి, చక్రాల్లో గాలి చూసుకోవాలి, ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి మైదానంలో నిలబడి ఉండాలి. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుందని ఎవరైనా అనుకుంటారు. మాస్టారు మాత్రం అలా అనుకునే మనిషి కాదు. లేవగానే కిటికీలోంచి ఆకాశం కేసి చూశారు. అది తడిసిన గోనెసంచిలా ఇళ్ల కప్పుల మీదికి వేలాడుతోంది. చినుకు పడదు, ఎండ రాదు. "మొదలైంది" అని గొణుక్కుని, చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నారు.

మాస్టారిది జనానికి మోటారు సైకిలు నేర్పే వృత్తి. మూతపడ్డ గోడౌను వెనక ఖాళీ స్థలంలో సున్నంతో పెద్ద గుండ్రం గీసి, తన సొంత బండి మీదే నేర్చుకునేవాళ్లను ఎక్కించి, వెనక కమ్మీ పట్టుకుని పరుగెత్తుతూ నేర్పేవారు. మొదటి రోజు పాఠంలో బండి ఎక్కనిచ్చేవారు కాదు. "బండికి ప్రాణం ఇంజనులో ఉండదు, గాలిలో ఉంటుంది. పొద్దున చక్రం చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎక్కువైనా చావే, తక్కువైనా చావే" అని చెప్పి, విన్నవాళ్ల ముఖాలు పాలిపోయాక ఇంటికి పంపేవారు. ఆయన మటుకు కొలిచేవారు కాదు. బూటుతో చక్రాన్ని ఒక తన్ను తన్ని, తల ఊపేవారు. ఆ తన్నుతోనే గాలి ఎంతుందో చెప్పేస్తారని శిష్యులు గొప్పగా చెప్పుకునేవారు. ఆ చెప్పింది నిజమో కాదో గేజీ పెట్టి చూసినవాడు లేడు.

నవ్వితే పళ్లు రాలిపోతాయేమో అన్నట్టుండే మనిషి. కానీ నేర్చుకునేవాడు మొదటిసారి తనంతట తాను గుండ్రం చుట్టి వచ్చినప్పుడు, కమ్మీ వదిలేసి వెనకబడిపోయిన మాస్టారి పెదవి ఒక కొస కొద్దిగా పైకి లేచేది. ఆయన ఆనందమంతా ఆ కొసలోనే ఉండేది. లోకంలో ఆయన మాట చెల్లే చోటు ఆ గుండ్రం ఒక్కటే. సున్నం గీత దాటి ఇవతలికి వస్తే ఆయన మాట కాకి కూడా వినదు.

ఆ గుండ్రానికి అనుమతి గడువు తీరిపోయింది. ఇవాళ ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, సరేనంటే బడి నిలుస్తుంది. కాదంటే మాస్టారికి మిగిలేది మామగారి కాలం నాటి ఫోటో ఫ్రేముల కొట్టు. ప్రస్తుతం దాన్ని బావమరిది నడుపుతున్నాడు. అతన్ని ఊరంతా మేకు అంటుంది. ఫ్రేములకు మేకులు కొడతాడని కొందరంటారు గాని, ఎక్కడ దిగబడితే అక్కడినుంచి ఊడిరాడు కాబట్టి ఆ పేరొచ్చిందని మాస్టారి నమ్మకం. ఆ కొట్టు గోడల నిండా పోయినవాళ్లే. బతికున్నవాళ్లు ఫోన్లలో ఉంటారు, గోడ ఎక్కాలంటే ముందు పోవాలి కదా. వయసులో ఉన్న మేకుకు ఆ ముఖాల మధ్య కూర్చోవడం ప్రాణం మీదికొచ్చింది. కొట్టు ఎవరికి అంటగడదామా అని ఎప్పటినుంచో బావ చుట్టూ తిరుగుతున్నాడు. "నీ ముఖానికి ఆ కొట్టు అతికినట్టుంటుంది బావా" అనేవాడు. మాస్టారి భార్య కూడా తమ్ముడి మాట కాదనేది కాదు. పోయినవాళ్ల తాలూకు మనుషులు వచ్చినప్పుడు వేరే వేషం వెయ్యక్కర్లేదు, ఉన్న ముఖం చాలు అనేది. ఆ మాట నిజమని తెలుసు కాబట్టే మాస్టారికి ఆ కొట్టంటే అంత భయం.

బకెట్టు, గుడ్డ తీసుకుని మాస్టారు బండి దగ్గర చతికిలబడ్డారు. చక్రాన్ని తన్నడమే గాని, దాని ముందు కూర్చుని ముఖాముఖి చూడటం ఆయనకు ఎన్నాళ్ల తర్వాతో. మట్టి కడిగేసరికి టైరు అసలు రూపు బయటపడింది. వెనక టైరు ఎడమ పక్క గీతలన్నీ పోయి గాజుపలకలా నున్నగా ఉంది. కుడి పక్క మాత్రం కొట్లోంచి తెచ్చిన రోజున ఉన్న రబ్బరు మీసాలు ఇంకా అలాగే ఉన్నాయి. మంగలి సగం గడ్డం గీసి, ఎవరో పిలిస్తే లేచి వెళ్లిపోయినట్టుంది వాలకం. ముందు టైరు చూశారు. అదీ అంతే. ఇద్దరన్నదమ్ములకు ఒకే మంగలి.

గుమ్మంలోకి వచ్చిన భార్య ఏమైందని అడిగింది. టైరు ఒక పక్కే అరిగిపోయిందని చెప్పారు.

"రెండో పక్క బాగానే ఉందిగా. అటు నడపండి" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆడవాళ్లకు యంత్రాల సంగతి ఏం తెలుసని మాస్టారు నిట్టూర్చి, బండి తోసుకుంటూ వీధి మొగలో ఉన్న పంచర్ల తాత దగ్గరికి బయల్దేరారు.

పంచర్ల తాతకు చక్రాల కంటే మనుషుల మీద ఆసక్తి ఎక్కువ. టైరు చూసి దాని యజమాని అప్పులు, జబ్బులు, కాపురం సంగతి చెప్పగలనని ఆయన ధీమా. పది చెబితే ఒకటి తగిలేది, తగిలిన ఒకదాన్నే జనం గుర్తుపెట్టుకునేవారు. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, చక్రాన్ని తిప్పి తిప్పి చూసి, అరిగిన పక్కను బొటనవేలితో రాశాడు. పక్కనే బల్ల మీద మేకు కూర్చుని, తన బండి ట్యూబుకు అతుకు ఆరడం కోసం ఎదురుచూస్తున్నాడు.

"మధ్యలో అరిగితే గాలి ఎక్కువ పెట్టినట్టు. రెండంచులూ అరిగితే తక్కువ పెట్టినట్టు" అన్నాడు తాత. "ఇది రెండూ కాదు. ఒక పక్కే పోయింది. అంటే ఇది గాలి సంగతి కాదు మాస్టారూ, మనిషి సంగతి."

"ఏ మనిషి?"

"రోజూ ఎవరో వెనకాల ఒక పక్కకి కూర్చుంటున్నారు. రెండు కాళ్లూ ఎడమకే వేసుకుని. బరువంతా అటే పడుతోంది."

తన వెనకాల ఎవరూ కూర్చోరని మాస్టారు చెప్పారు. పెళ్లయిన కొత్తలో ఒక గతుకు దగ్గర జారి, ఆ బండి మళ్లీ ఎక్కనని భార్య ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టు ఇంకా చెక్కుచెదరలేదు. తాత అంతా విని, కళ్లద్దాలు కిందికి దించుకుని, తనతో చెప్పకపోతే మానెయ్యమని, టైరు మాత్రం అబద్ధం చెప్పదని తేల్చాడు. బల్ల మీద మేకు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరించుకోవడంలో ఏదో ఉంది గాని, మాస్టారు గమనించే స్థితిలో లేరు.

కొత్త టైర్లు వేయిద్దామంటే టైర్ల కొట్టుకు ఆ రోజు సెలవు. తాత దగ్గర ఆ కొలతవి లేవు. ఇన్‌స్పెక్టరు చూశాడంటే బోడి టైరు మీద జనానికి బండి నేర్పుతావా అని అక్కడికక్కడే బడి మూయిస్తాడు. అప్పుడు తాతే ఉపాయం చెప్పాడు. వెనక చక్రంలో గాలి సగం తీసేస్తే టైరు నేల మీద పరుచుకుంటుంది, అరిగిన పక్క దాని కిందే నలిగిపోతుంది, పైనుంచి చూసేవాడికి తేడా తెలియదు, ముందు టైరును ఎలాగూ మడ్‌గార్డు కప్పేస్తుందన్నాడు.

మాస్టారు నోరు తెరిచారు. ఇన్నేళ్లు ఏ పాపం చెయ్యొద్దని లోకానికి చెప్పారో, ఆ పాపమే ఇప్పుడు తన బండికి వైద్యం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా పెద్దలు? వద్దనబోయారు. కానీ కొట్టు గోడ మీద వరసగా ముఖాలు కనిపించాయి. వాటి మధ్య ఒక ఖాళీ కుర్చీ కూడా కనిపించింది.

"తియ్యి" అన్నారు.

గాలి ఉస్సుమని పోతుంటే ఆయన ఎటో చూస్తూ నిలబడ్డారు. ఎవరి ప్రాణమో పోతున్నప్పుడు బయట వసారాలో నిలబడినట్టు.

మాస్టారు స్నానానికని ఇంటికి చేరేలోపు మేకు అక్క దగ్గరికి వెళ్లి వచ్చేశాడు. ఏం చెప్పావని తర్వాత అడిగితే, సరదాకే చెప్పానన్నాడు. తాత అన్నది "బండి మీద పక్కకి ఎవరో కూర్చుంటున్నారు" అని. మేకు నోట్లోంచి అది "బావకి పక్కన ఎవరో ఉన్నారట" అని వచ్చింది. "కి"కీ "న"కీ తేడా ఒక్క అక్షరం. కాపురాలు కూలడానికి అంతకంటే ఎక్కువ అక్షరాలు అక్కర్లేదు.

ఆమె అరవలేదు. అరిచే మనిషైతే మాస్టారికి కొంత దారి దొరికేది. తువ్వాలు తెచ్చి చేతికిచ్చి, గడప మీద నిలబడి, అడిగీ అడగనట్టు అడిగింది.

"ఈమధ్య బండి వెనక బరువుగా ఉంటోందా?"

మాస్టారికి గాలి తీసిన సంగతి ఈమెకెలా తెలిసిందా అని ఒక పక్క దడ, ఇల్లాలి దగ్గర దాపరికమేమిటని ఒక పక్క సిగ్గు. "అవును. కాస్త బరువుగానే ఉంది" అన్నారు.

"ఎన్నాళ్ల నుంచి?"

"చాలా కాలం నుంచే జరుగుతోంది. నేనే పట్టించుకోలేదు."

"పట్టించుకోకుండా జరిగిపోతుందా అండీ ఇలాంటిది?"

"రోజూ చూసేదే కదా, అలవాటైపోయింది. ఇవాళ ఇన్‌స్పెక్టరు కంట పడకుండా గడిస్తే చాలు. ఆ తర్వాత కొత్తది చూసుకుంటాను. పాతది మరీ నున్నగా అయిపోయింది."

ఆయన స్నానాల గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాక, ఆమె జడలోంచి పిన్ను తీసింది. బండి కదలకపోతే బండి మీద కూర్చునేదీ ఉండదు కదా. వెనక చక్రం దగ్గర వంగి, గాలి గొట్టంలో పిన్ను గుచ్చింది. ఉస్సుమన్న చప్పుడుకు పాము బుస కొట్టిందనుకుని ఉలిక్కిపడి, కాసేపటికే వదిలేసి లోపలికి పరుగెత్తింది. తాత సగం తీస్తే, మిగిలిన సగంలో ఈమె సగం తీసింది. ఉన్నది ఆ చక్రానికి ప్రాణముందని చెప్పుకోవడానికే చాలుతుంది.

ఇస్త్రీ చొక్కాతో బయటికి వచ్చిన మాస్టారు అలవాటు ప్రకారం చక్రాన్ని తన్నారు. బూటు పిండి ముద్దలో దిగినట్టు దిగింది. తాత కాస్త ఎక్కువే తీశాడనుకున్నారు. మళ్లీ వెళ్లి కొట్టించుకునే వ్యవధి లేదు. ఈదినట్టు ఊగుతున్న బండి మీద, ఊపిరి బిగబట్టి, మైదానం దారి పట్టారు. సన్నగా తుంపర మొదలైంది.

మైదానంలో అప్పటికే శిష్యులు ఇద్దరున్నారు. ఒకామె నర్సు, నిండైన మనిషి. ఆసుపత్రికి బండి మీదే వెళ్లివస్తుంది గాని లైసెన్సు లేదు, దానికోసమే మళ్లీ పాఠాలకు వస్తోంది. రెండో అతను దర్జీ, చేతులు సన్నగా, గొంతు ఇంకా సన్నగా ఉంటాడు. మేకు కూడా తన బండి వేసుకుని, కాలితో తొక్కే గాలిపంపు తెచ్చుకుని సిద్ధంగా ఉన్నాడు. అక్క దగ్గర జారిన మాట అతన్ని లోపల కొద్దిగా గిల్లుతోంది. ఆ గిల్లుడు పోవాలంటే బావకేదైనా సాయం చెయ్యాలి.

వెనక చక్రం చూసి, ఇందులో గాలి ఏదని అడిగాడు. మాస్టారు చుట్టూ చూసి, కావాలనే తీయించానని, దాన్ని ముట్టుకోవద్దని చెవిలో చెప్పి, సున్నం డబ్బా తీసుకుని గుండ్రం గీయడానికి వెళ్లారు. మేకు ఆలోచించాడు. వెనక గాలి తగ్గింది. ముట్టుకోవద్దన్నాడు. ముందు చక్రం సంగతి ఏమీ అనలేదు. వెనక తగ్గినంతా ముందు కలిపితే మొత్తం మీద సరిపోతుంది కదా. పంపు తగిలించి, రాయి అయ్యేదాకా తొక్కాడు. అలా ఆ బండి ముందు కాలు కర్రకాలు, వెనక కాలు వాచిన కాలు అయి నిలబడింది.

అంతలో గొడుగు వేసుకుని మాస్టారి భార్య వచ్చింది. ఆమె ఆ మైదానంలో అడుగు పెట్టడం అదే మొదలు. తిన్నగా నర్సు దగ్గరికి వెళ్లి, కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, రోజూ వస్తారా అని అడిగింది. రోజూ వస్తానని, మాస్టారు చాలా ఓపిగ్గా చూసుకుంటారని నర్సు మెచ్చుకోలుగా చెప్పింది.

"ఆ ఓపిక ఇంట్లో మాకు అందడం లేదమ్మా" అని, ఆమె గొడుగు మూసి తమ్ముడి చేతిలో పెట్టి, బండి దగ్గరికి నడిచింది. ఏళ్ల నాటి ఒట్టును పక్కన పెట్టి, రెండు కాళ్లూ ఎడమకు వేసుకుని, వెనక సీటు మీద కూర్చుంది. మాస్టారు సున్నం చేతులతో పరుగెత్తుకొచ్చి, ఇదేమిటని, దిగమని బతిమాలారు.

"ఈ పక్క ఖాళీగా ఉండబట్టే కదా ఇంతా జరిగింది. ఇక నేను దిగను" అందామె.

ఇన్‌స్పెక్టరు వచ్చింది సరిగ్గా అప్పుడే. జలుబుతో ముక్కు ఎర్రబడిన మనిషి, ఒక చేత్తో గొడుగు, రెండో చేత్తో రుమాలు పట్టుకున్నాడు. మాస్టారు వెనక చక్రానికి అడ్డంగా నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు అది చూసి, తనకు నడుం పట్టేసిందని, వంగి టైర్లు చూసే ఓపిక లేదని, అడ్డం నిలబడక్కర్లేదని చెప్పి తుమ్మాడు. పొద్దున్నుంచి తీసిన గాలంతా దండగని మాస్టారికి అప్పుడు తెలిసింది. తెలిసి చేసేదేముంది, పోయిన గాలి పిలిస్తే వస్తుందా?

"ఈ ఏడాది నుంచి సున్నా వేస్తే చాలదండి, ఎనిమిది వెయ్యాలి. నేర్పేవాళ్లే ముందు వేసి చూపించాలి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఒక్క ఎనిమిది వేసెయ్యండి. నేనూ ఇంటికెళ్లి పడుకుంటాను. అమ్మగారు దిగనక్కర్లేదు. వెనక మనిషి ఉంటే ఇంకా మంచిది."

మాస్టారు పాత గుండ్రానికి పక్కనే ఇంకో గుండ్రం గీశారు. బండి ఎక్కి, దేనికీ పనికిరాని ఆ చక్రాల మీద కూడా ఎడమ గుండ్రాన్ని గీత చెరక్కుండా చుట్టారు. రెండు గుండ్రాలు కలిసే చోటికి వచ్చారు. అక్కడినుంచి కుడికి తిరగాలి. కళ్లు కుడికే చూశాయి. చేతులు మాత్రం ఎడమకు తిప్పాయి. ఇంకో చుట్టు. మళ్లీ అదే చోటు, మళ్లీ ఎడమకే. ఆ చేతులు తనవేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

"మాస్టారూ, నేను అడిగింది ఎనిమిది. మీరు సున్నా మీద సున్నా వేస్తున్నారు" అని ఇన్‌స్పెక్టరు గొడుగు కిందనుంచి గుర్తుచేశాడు.

"కుడికి తిప్పండి" అంది వెనకనుంచి భార్య.

"తిప్పుతున్నాను."

"ఇది ఎడమ."

"తెలుసు."

అసలు సంగతేమిటంటే, మాస్టారు బడి పెట్టిన కొత్తలో ఆ మైదానం కుడి మూల పెద్ద గుంట ఉండేది. అటు వెళితే శిష్యుడు గుంటలో పడతాడని ఎడమకే తిప్పడం మొదలుపెట్టారు. తర్వాత గుంట పూడిపోయింది, గడ్డి మొలిచింది, గుంటను ఎరిగినవాళ్లు కూడా పోయారు. గుండ్రం మాత్రం ఎడమకే ఉండిపోయింది. గానుగెద్దు నూనె ఎంత తీసినా, గానుగకు రెండో పక్క ఏముందో దానికి తెలుస్తుందా?

భార్యకు తన కాళ్ల కింద నేల ప్రతి చుట్టులోనూ అదేపనిగా దగ్గరకు రావడం కనిపిస్తోంది. బండి ఒరిగిందంటే ఇటే. నున్నగా అరిగిన అంచు తడి నేలను రాసుకుంటోందంటే ఇటే.

"రోజూ ఇలాగే తిరుగుతారా?" అని అడిగింది.

"ఇలాగే."

"పొద్దుగూకేదాకా ఇటేనా? అటు ఒక్కసారి కూడా కాదా?"

"ఇటే."

బండి ఇంకో చుట్టు ఎడమకే తిరిగింది.

"అయితే మీ పక్కన ఎవరూ లేరా?"

"నా పక్కన ఎవరుంటారే?" అన్నారు మాస్టారు. ఆ గొంతులో ఎంత దిక్కులేనితనం ఉందంటే, నమ్మకుండా ఉండటం రాయికి కూడా సాధ్యం కాదు.

ఆమె గుండెల మీదినుంచి పెద్ద బరువు దిగిపోయింది. పొద్దున్నుంచి బిగబట్టిందంతా ఒక్కసారిగా నవ్వై బయటికొచ్చింది. ఆ నవ్వుతో పాటే, నా పిచ్చి మొగుడా అన్నట్టు, ఆయన కుడి భుజం మీద గట్టిగా ఒకటి చరిచింది.

మాస్టారు ఉలిక్కిపడి, ఆ దెబ్బ పడిన పక్కకి తిరిగారు. కుడికి. బడి పెట్టాక అదే ఆయన మొదటి కుడి మలుపు. రాయిలాంటి ముందు చక్రం తడి సున్నం మీద సర్రున జారింది. పిండిముద్దలాంటి వెనక చక్రం దాని కిందే మడతపడింది. బండి ఒక నిట్టూర్పు విడిచి పక్కకి వాలిపోయింది. దంపతులిద్దరూ రెండో గుండ్రం నట్టనడుమ, సున్నపు బురదలో కూర్చున్నారు. దెబ్బలేమీ తగల్లేదు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.

నర్సు వచ్చి ఇద్దరినీ లేపింది. ఇన్‌స్పెక్టరుకు మాస్టారు పడటం కంటే ఆ సున్నాల సంగతే అంతుపట్టలేదు. నర్సును ఆమె బండి మీద కుడికి తిప్పి చూపించమన్నాడు.

"కుడి పాఠం మాకింకా రాలేదండి" అందామె వినయంగా.

"మరి ఆసుపత్రికి ఎలా వెళ్తున్నారమ్మా? దారిలో కుడి మలుపులు లేవా?"

ఉన్నాయని, అలాంటి చోట మూడుసార్లు ఎడమకు తిరిగితే అదే వస్తుందని, అందుకే రోజూ డ్యూటీకి ఆలస్యమవుతోందని చెప్పింది. దర్జీని అడిగారు. అతను తన బండి కొంతదూరం నడిపి, ఆపి, దిగి, వెనక కమ్మీ పట్టుకుని బండిని ఎత్తి కుడికి తిప్పి పెట్టి, మళ్లీ ఎక్కి వెళ్లిపోయాడు. చాలా ఒడుపుగా చేశాడు. ఎన్నోసార్లు చేసిన పని అని చూస్తేనే తెలుస్తోంది.

ఇన్‌స్పెక్టరు రుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. "మా ఆఫీసు ముందు మలుపులో రోజూ జనం దిగి బండ్లు ఎత్తి తిప్పుకుంటుంటే, రోడ్డు బాగాలేదని పైకి రాశాను" అన్నాడు. "రోడ్డు తవ్వించారు కూడా."

ఊళ్లో బండి తోలేవాళ్లలో ఎంతమంది తన చేతి మీదుగా వెళ్లారో మాస్టారికి గుర్తుకొచ్చింది. వాళ్లంతా కుడి వైపు వెళ్లాల్సిన చోట్లకు ఎలా వెళ్తున్నారో, అసలు వెళ్తున్నారో లేదో. తుంపరలో తడుస్తూ, చొక్కా మీది బురద తుడుచుకోకుండా నిలబడి, ఒక్క నెల గడువు ఇమ్మని, కుడి నేర్చుకుంటానని అడిగారు. ఆయన ఎవరినైనా ఏదైనా అడగడం ఆ ఊరు ఎరగదు.

"నేర్చుకునేవాళ్లకు గడువుంటుందండి. నేర్పేవాళ్లకు ఉండదు" అన్నాడు ఇన్‌స్పెక్టరు. కర్కశంగా అనలేదు. తుమ్ము ఆపుకుంటూ అన్నాడు.

మేకుకు పాపం, బావను ముంచాలని లేదు. బడి పోతే అక్క నోట్లో మట్టి పడుతుందన్న కంగారులో తన బండి ఎక్కాడు. ఎడమ గుండ్రం, కుడి గుండ్రం, ఒంటి చేత్తో, ఈల వేసుకుంటూ ఎనిమిది చుట్టేశాడు. చక్రాలు సున్నం గీతను అక్కడక్కడా ముద్దు పెట్టుకున్నాయి. నర్సు కళ్లు మూసుకుంది. ఇన్‌స్పెక్టరుకు కావలసింది ఎనిమిది. అది వచ్చింది. బడి ఉంచొచ్చు, కాకపోతే నేర్పేవాడి పేరు మార్చాలన్నాడు.

అందరూ మాస్టారి భార్య కేసి చూశారు. ఆమె నడుం మీది సున్నం దులుపుకుంది. బడి నిలవాలి, కొట్టూ నిలవాలి, మనుషులా ఇద్దరే ఉన్నారు. లెక్క తేల్చడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. మొగుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అంతమందిలో ఆయన చెయ్యి పట్టుకోవడం కూడా అదే మొదలు.

"మీరు కొట్లో చల్లగా నీడపట్టున కూర్చోండి. ఇక రోజూ మధ్యాహ్నం నేనే అన్నం పట్టుకొస్తాను" అంది.

ఆ మాట మీద ఆయన కాదనలేకపోయారు. కాదనడానికి మిగిలిన చోటు కూడా లేదు. సున్నం డబ్బా మేకు చేతికిచ్చి, రెండు గుండ్రాలనూ ఒకసారి చూశారు. చినుకులకు గీతలు అప్పటికే కరిగిపోతున్నాయి.

కొట్టు ఆయనకు నిజంగానే అతికింది. దుఃఖంలో వచ్చినవాళ్లు ఆయన ముఖం చూసి, తమకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడెవడో ఇక్కడున్నాడని కుదుటపడేవారు. బేరాలు పెరిగాయి. భార్య చెప్పినట్టే రోజూ అన్నం తెచ్చి, ఎదురుగా కూర్చుని, ఆయన తిన్నంతసేపూ ఉండి వెళ్లేది. ఇంట్లో ఇన్నేళ్లలో మాట్లాడుకున్నదానికంటే ఆ గోడ మీది ముఖాల ముందే ఎక్కువ మాట్లాడుకున్నారు. అయినా వీధిలో బండి చప్పుడు వినిపించినప్పుడల్లా మాస్టారి తల దానంతటదే అటు తిరిగేది. మలుపు దగ్గర ఇంజను ఆగి, ఎవరో దిగిన చప్పుడు వినిపిస్తే కళ్లు దించుకునేవారు.

ఒక మసక సాయంత్రం ఒకతను తడి హెల్మెటు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. మోచేతికి కట్టు ఉంది. జేబులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టి, మంచి ఫ్రేము కావాలన్నాడు. ఫోటోలో ఉన్నది ఇంకా వయసులో ఉన్న మనిషి. మాస్టారు గొంతు తగ్గించి, ఇలాంటప్పుడు అడగాల్సింది అడిగారు.

"పోయి ఎన్నాళ్లయింది బాబూ?"

"ఇంకా పోలేదండి. అది నేనే" అన్నాడతను. "మీ బావమరిది దగ్గర బండి నేర్చుకుంటున్నాను."

మాస్టారు టేపు తీసి కొలత తీసుకున్నారు.